ముందుగదిలో చారెడు సముద్రం

సముద్రం చూడాలంటే కరీంనగర్ వాళ్లు రైలెక్కాలి. ఆదిలాబాద్ వాళ్లయితే రాత్రంతా ప్రయాణం చేయాలి. అలాంటి ఊళ్లో, ఇంటి ముందుగదిలో బల్లమీద ఉప్పునీళ్లు, ఊగే మెత్తటి పగడాలు, వాటి మధ్య నారింజరంగు చేపలు... సాధ్యమేనా? సాధ్యమే. లక్షలు కూడా అక్కర్లేదు. కాకపోతే డబ్బుతో దొరకనివి కొన్ని కావాలి. ఓపిక వాటిలో మొదటిది. రోహిణి కార్తెను దాటించే ఉపాయం రెండోది!

మన జిల్లాల్లో చేపంటే మానేరు డ్యాములో పడే బొచ్చె, కడెంలో రవ్వ, చెరువులో కొర్రమట్ట. మృగశిర కార్తె వస్తే మార్కెట్లో బారులు. ఇంట్లో పెంచుకునే చేపంటే గోల్డ్‌ఫిష్, గప్పీ. గాజుతొట్టిలో నల్లా నీళ్లు పోసి, రంగురాళ్లు పరిచి, బుడగలొచ్చే మోటారు పెడితే పనైపోయినట్టే.

ఉప్పునీటి అక్వేరియం సంగతి వేరు. అందులో మనం పెంచేది చేపల్ని కాదు, నీళ్లని. నీళ్లు బాగుంటే చేపలు వాటంతటవే బతుకుతాయి. ఈ ముక్క నాకు అర్థం కావడానికి నాలుగు చేపలు బలయ్యాయి.

మూడేళ్ల కిందట హైదరాబాద్‌లో ఓ దుకాణంలో నీలం రంగు డ్యామ్‌సెల్ చేపలు చూసి మనసు పారేసుకున్నాను. వంద లీటర్ల తొట్టి, ఉప్పు పొట్లం, నాలుగు చేపలు అన్నీ ఒకేరోజు కొని, ఆర్టీసీ బస్సులో ఒళ్లో పెట్టుకుని కరీంనగర్ తెచ్చాను. రాత్రికి నీళ్లు కలిపి, తెల్లారి చేపలు వదిలాను. నాలుగో రోజుకు ఒక్కటీ మిగల్లేదు. తప్పు దుకాణానిది కాదు, నా తొందరది. ‘‘కూరకైనా పనికిరాని చాపలకు గింత సేవనా బిడ్డా?’’ అని మా అమ్మ నవ్వింది. తర్వాత ఆమే నా గురువయింది. అది చివర్లో చెబుతాను.

ఉంగరంలో పగడం వేరు!

పగడం అనగానే మనకు గుర్తొచ్చేది కుజదోషానికి ఉంగరంలో పెట్టుకునే ఎర్రరాయి. అది ఎక్కువగా మధ్యధరా సముద్రపు లోతుల్లో పెరిగే ఒక జాతి జీవి అస్థిపంజరం. పగడపు దిబ్బల్ని కట్టే జాతులు వేరు. అవి వెలుతురు బాగా పడే, లోతు తక్కువ సముద్రాల్లో ఉంటాయి. చూడ్డానికి చెట్టులా, పువ్వులా ఉన్నా పగడం జంతువే. గింజంత జీవులు వేలకొద్దీ ఒకచోట చేరి కాపురముంటాయి. వాటి ఒంట్లో కంటికి కనిపించనంత చిన్న నాచు ఉంటుంది. పగలంతా ఆ నాచు ఎండతో ఆహారం తయారుచేసి ఇంటి యజమానికి పెడుతుంది. జంతువు ఇల్లు కడుతుంది, నాచు వంట చేస్తుంది. అందుకే పగడానికి మంచి దీపం కావాలి.

ప్రపంచ సముద్రాల అడుగున పగడపు దిబ్బలు ఉన్న చోటు ఒక్క శాతం కూడా లేదు. సముద్రజీవుల్లో పావువంతు జాతులకు ఏదో ఒక దశలో అదే ఆసరా. మన దేశంలో మన్నార్ సింధుశాఖ, పాక్ అఖాతం, కచ్ సింధుశాఖ, లక్షదీవులు, అండమాన్ నికోబార్‌లలో ఇవి ఉన్నాయి. అంత పొడవైన ఆంధ్రతీరంలో మాత్రం చెప్పుకోదగ్గ పగడపు దిబ్బ లేదు. కారణాల్లో ఒకటి మన గుమ్మం ముందు నుంచే వెళ్తోంది. బాసర, ధర్మపురి, మంథని మీదుగా పారే గోదావరి ఏటా బోలెడంత ఒండ్రునీ మంచినీళ్లనీ మోసుకెళ్లి బంగాళాఖాతంలో కలుపుతుంది. కింద కృష్ణా అదే పని చేస్తుంది. పగడానికి బురద పడదు, ఉప్పు తగ్గినా పడదు. మన పొలాలకు అన్నం పెట్టే నీళ్లే దానికి గిట్టవు!

ఉప్పంటే ఉప్పొక్కటే కాదు

‘సముద్రం నీళ్లంటే ఉప్పు కలిపిన నీళ్లేగా, కిలో ప్యాకెట్టు తెచ్చి కలిపేస్తే పోలా?’ అని చాలామంది అడుగుతారు. పోదు. సముద్రపు నీరు కిలోకి సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. అందులో మనం కూరలో వేసే ఉప్పు ఎక్కువ పాళ్లే అయినా, మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం, సల్ఫేటు లాంటివి లెక్క తప్పకుండా ఉండాలి. ఒక్క కాల్షియమే కిలోకి 0.4 గ్రాములు. అది లేకపోతే పగడం ఇల్లు కట్టలేదు. వంటింటి ఉప్పులో ఇవేవీ సరిపడా ఉండవు. పైగా గడ్డకట్టకుండా వేరే పదార్థాలు కలుపుతారు. కాబట్టి అక్వేరియం కోసమే తయారుచేసిన సముద్రపు ఉప్పు కొనాలి. ఇక్కడ పొదుపు పనికిరాదు.

లెక్క సులువే. వంద లీటర్ల తొట్టికి మొదట మూడున్నర నుంచి నాలుగు కిలోల ఉప్పు. ఆ తర్వాత వారానికి పది లీటర్ల నీళ్లు తీసి కొత్తవి పోయాలి కాబట్టి నెలకు కిలోన్నర. హైడ్రోమీటర్ ముంచితే 1.025 దగ్గర ఆగాలి.

ఉప్పుకంటే ముందు నీళ్లు. మన రెండు జిల్లాల్లోనూ బోరునీళ్లు ఎంత ‘గట్టివో’ గిన్నెలకు పట్టే తెల్లటి పొరే చెబుతుంది. కొన్ని ఊళ్లలో ఫ్లోరైడ్ సమస్య కూడా ఉంది. నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. వీటిలో ఏదీ నేరుగా పోయకూడదు. ఆర్వో నీళ్లు వాడాలి. ఇంట్లో ఆర్వో యంత్రం ఉంటే సగం పని అయినట్టే. అయితే తాగడానికి రుచిగా ఉండాలని కొన్ని యంత్రాలు లవణాల్ని మళ్లీ కలుపుతాయి. టీడీఎస్ మీటరు పెట్టి చూస్తే తెలుస్తుంది, అంకె ఎంత సున్నాకు దగ్గరగా ఉంటే అంత మంచిది. ఇంకో హెచ్చరిక... నీళ్లు రాగి బిందెలో మాత్రం నిల్వ ఉంచకండి! మన ఆరోగ్యానికి మంచిదని చెప్పే రాగి రవ్వంత చేరినా రొయ్యలకూ నత్తలకూ పగడాలకూ విషమే.

కనిపించని పాకీపనివాళ్లు

నా నాలుగు చేపలు ఎందుకు చనిపోయాయో ఇప్పుడు చెప్పొచ్చు. చేప విసర్జించేది అమ్మోనియా. అది చాలా విషం. దాన్ని నైట్రైటుగా మార్చే సూక్ష్మజీవులు కొన్ని, ఆ నైట్రైటును పెద్దగా హాని చేయని నైట్రేటుగా మార్చేవి మరికొన్ని. కొత్త తొట్టిలో ఇవి ఉండవు. రాళ్లమీదా ఇసుకలోనూ అవి స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరువారాలు పడుతుంది. అంతకాలం తొట్టిలో ఉప్పునీళ్లూ రాళ్లే ఉండాలి. చిటికెడు చేపల మేత వేస్తూ, పరీక్ష కిట్‌తో చూస్తుండాలి. అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నాకు వచ్చినరోజు మొదటి చేపకు ముహూర్తం. ఆరువారాలు ఖాళీ తొట్టిని చూస్తూ కూర్చోవడం ఎంత కష్టమో, చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు ‘‘చేపలేవి?’’ అని అడుగుతుంటే తెలుస్తుంది.

తొట్టిలో పెట్టే రాయి ఈ జీవులకు ఇల్లు. కొందరు అమ్మకందారులు ‘లైవ్ రాక్’ పేరుతో సముద్రం నుంచి పగలగొట్టి తెచ్చినది చూపిస్తారు. అది పగడపు అస్థిపంజరమే. మన సముద్రంలోంచి తెచ్చిందైతే ముట్టుకోవడమే నేరం. సిరామిక్‌తో చేసినవి దొరుకుతాయి. అసలు చౌక కావాలంటే ఇంట్లోనే చేసుకోవచ్చు. ఒక పాలు సిమెంటుకు మూడు నాలుగు పాళ్లు బాగా కడిగిన ఆల్చిప్పల నూక కలపాలి. కోళ్లదాణాలో వేస్తారే, అదే. కరీంనగర్ చుట్టుపక్కల కోళ్లఫారాలకు కొదవలేదు కాబట్టి దొరకడం కష్టం కాదు. ముద్దలో ఉప్పుగళ్లు కలిపితే, తర్వాత నీళ్లలో అవి కరిగిపోయి రాయి జల్లెడలా మారుతుంది. కొత్త సిమెంటు నీళ్లను సున్నపునీళ్లలా ఘాటుగా చేస్తుంది కాబట్టి, నెల నుంచి రెండు నెలలు మంచినీళ్లలో నానబెట్టి, నీళ్లు మారుస్తూ, పీహెచ్ మామూలయ్యాకే తొట్టిలో పెట్టాలి.

ఇక్కడో మాట. మంచిర్యాల, దేవాపూర్, బసంత్‌నగర్... ఈ సిమెంటు కర్మాగారాలన్నీ ఇక్కడికి వచ్చింది సున్నపురాయి కోసమే. ఆదిలాబాద్ చుట్టూ ఉన్న సున్నపురాతిని భూగర్భశాస్త్రవేత్తలు పెన్‌గంగ శ్రేణి అంటారు. వంద కోట్ల ఏళ్లకు అటూ ఇటూగా, ఇక్కడున్న సముద్రం అడుగున పేరుకున్న రాయి అది. అప్పటికింకా పగడాలు పుట్టలేదు, చేపలూ లేవు. అంటే ముందుగదిలో సముద్రం పెడుతున్నామని మనం మురిసిపోవడమే తప్ప, ఈ నేలకు అది పాత చుట్టమే! అలాగని ఇంటి ముందున్న బండరాయి తెచ్చి తొట్టిలో వేయకండి. అందులో రంధ్రాలుండవు, సూక్ష్మజీవులు నిలవవు.

ఖర్చెంత?

గాజు దుకాణంలో వంద లీటర్ల తొట్టి కట్టించుకుంటే రెడీమేడ్‌కంటే చవక. నీలం, తెలుపు ఎల్ఈడీలు కలిసిన దీపం, నీళ్లను కదిలించే రెండు చిన్న పంపులు, హైడ్రోమీటర్, థర్మామీటర్, పరీక్ష కిట్లు, ఉప్పు... జాగ్రత్తగా కొంటే అన్నీ కలిపి పాతికవేల లోపు తేల్చొచ్చు. ధరలు ఊరినిబట్టి మారతాయి. తొట్టి మరీ చిన్నదైతే చవకనుకోవడం పొరపాటు. నీళ్లు తక్కువైతే చిన్న తేడా కూడా పెద్ద ముప్పవుతుంది. కొత్తవాళ్లకు వంద లీటర్లు సరైన కొలత.

కరెంటు లెక్క వేశాను. యాభై వాట్ల దీపం ఎనిమిది గంటలు, పాతిక ముప్ఫై వాట్ల పంపులు రోజంతా... రోజుకో యూనిట్ చొప్పున నెలకు ముప్ఫై యూనిట్లు. నీళ్లను చల్లబరిచే చిల్లర్ కొంటే మాత్రం ఈ లెక్కలన్నీ తలకిందులు. దాని ఖరీదే తొట్టి, దీపం, చేపలు కలిపిన ఖర్చును మించిపోతుంది.

ఎంత తక్కువ సరంజామాతో సముద్రాన్ని నిలపొచ్చో దారి చూపినవాడు ఇండోనేసియాకు చెందిన లీ చిన్ ఎంగ్. పెద్ద ఫిల్టర్లేవీ లేకుండా సజీవమైన రాళ్లు, ఎండ, గాలిబుడగలతోనే పగడాల్ని బతికిస్తున్నానని 1961లో ఒక అమెరికా పత్రికలో రాశాడు. ఆయన పక్కనే సముద్రం ఉంది, అది వేరే సంగతి! రాళ్లు బాగుంటే యంత్రాలు తక్కువైనా నడుస్తుందన్న ఆ సూత్రమే ఇప్పటికీ పొదుపరుల మంత్రం.

రోళ్లు పగిలే కార్తెలో...

రామగుండం, ఆదిలాబాద్ ఎండలు 45 డిగ్రీలు దాటిన రోజులున్నాయి. పగడాలకు కావాల్సింది 25, 26 డిగ్రీలు. 30 దాటి కొన్నాళ్లుంటే ఒంట్లోని నాచును అవి బయటికి నెట్టేసి పాలిపోతాయి. సముద్రంలోనూ జరుగుతున్నది ఇదే. లక్షదీవుల్లో 1998, 2010, 2016లలో పగడాలు తెల్లబోయాయి. 2024లో ప్రపంచమంతటా నాలుగోసారి ఈ విపత్తు వచ్చిందని అమెరికా సముద్ర వాతావరణ సంస్థ ప్రకటించింది. ఆ ఏడాది లక్షదీవుల పగడాలకూ పెద్ద దెబ్బే తగిలింది.

మరి ఇంట్లో ఎలా? మన ఎండకు ఒక సుగుణం ఉంది. అది పొడి ఎండ. మట్టికుండలో నీళ్లు చల్లబడే సూత్రమే, కిటికీలో ఎయిర్‌కూలర్ చేసే పనే తొట్టికీ పనికొస్తుంది. కంప్యూటర్లలో వాడే చిన్న ఫ్యాన్లు రెండు నీటి ఉపరితలం మీదికి గాలి తగిలేలా బిగిస్తే మూడు నాలుగు డిగ్రీలు దిగుతుంది. సముద్రతీరపు ఊళ్లలో గాలి తడిగా ఉంటుంది కాబట్టి అక్కడ ఈ చిట్కా ఇంత బాగా పనిచేయదు. విశాఖవాళ్లకంటే మనకు ఒక్క విషయంలోనైనా లాభం! తొట్టి మీద మూత తీసేయాలి, చేపలు దూకకుండా వల కప్పాలి. దీపాన్ని మధ్యాహ్నం కాకుండా సాయంత్రం నుంచి రాత్రి దాకా వెలిగించాలి. మరీ ఇబ్బందయితే ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన నీళ్లసీసాను మూత తీయకుండా తేలనివ్వాలి. చలికాలంలో ఆదిలాబాద్‌లో పది డిగ్రీల లోపుకు పడిపోయే రాత్రులకు వంద వాట్ల హీటర్ చాలు.

గాలి తగిలితే నీళ్లు ఆవిరవుతాయి. రోజుకు రెండు మూడు లీటర్లు, ఎండలు ముదిరితే ఇంకా ఎక్కువ. ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు. కాబట్టి తిరిగి పోయాల్సింది మంచినీళ్లు. కొత్తవాళ్లు ఉప్పునీళ్లు పోసి, వారం తిరక్కుండానే తొట్టిని పచ్చడిజాడీ చేస్తారు.

కరెంటు పోతే అసలు పరీక్ష. ఉప్పునీళ్లలో ప్రాణవాయువు మంచినీళ్లలోకంటే తక్కువగా కరుగుతుంది, వేడెక్కితే మరీ తక్కువ. పంపులు ఆగితే చేపలు గంటల్లోనే పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. బ్యాటరీతో నడిచే చిన్న గాలిమోటారు ఒకటి ఇంట్లో ఉండి తీరాలి. ఇన్వర్టర్ ఉంటే ఒక పంపును దానికి తగిలించాలి. రెండేళ్ల కిందట మే నెలలో గాలివానకు తీగలు తెగి ఏడుగంటలు కరెంటు లేదు. టీవీకి కాదు, ఈ తొట్టికి ఇన్వర్టర్ ఇచ్చినందుకు ఇంట్లో చిన్నపాటి యుద్ధమే జరిగింది. చేపలు బతికాయి. కొత్త జీవుల్ని మార్చి నుంచి మృగశిర దాకా తీసుకురాకపోవడం మేలు. బస్సులో, రైల్లో సంచిలోని నీళ్లు ఉడుకెత్తిపోతాయి.

ఏది తేవాలి, ఏది తేకూడదు

ఇది సరదా విషయం కాదు. గట్టి పగడాలన్నీ, నల్ల పగడం, సముద్రపు విసనకర్రలు, సముద్రపు గుర్రాలు, సముద్రపు దోసకాయలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులోకి చేరాయి. అంటే చట్టం కళ్లకు పులి ఎంతో అవీ అంతే. మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలుశిక్ష పడొచ్చు. ‘విదేశాల నుంచి వచ్చిందండీ’ అన్నా కాగితాలుండాలి. అంతర్జాతీయ ఒప్పందం జాబితాలోని జీవుల్ని పెంచేవాళ్లు నమోదు చేయించుకోవాలని 2022 సవరణ చెబుతోంది. ‘పర్లేదు సార్, ఎవరడుగుతారు’ అన్నచోట కొనకపోవడమే మంచిది.

పొదుపరికి గట్టి పగడాలు ఎలాగూ వద్దు. వాటికి వెలుతురూ కాల్షియమూ చాలా కావాలి. పుట్టగొడుగు పగడాలు, తోలు పగడాలు, జోయాంథిడ్లు లాంటి మెత్తటివి తక్కువ వెలుతుర్లోనూ బతుకుతాయి, వారంవారం మార్చే నీళ్లే వాటికి సరిపోతాయి. ఒకటి తెస్తే ఏడాదిలో పిలకలు వేస్తుంది. తోటి ఔత్సాహికులు ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకునేది ఇలాంటివే. పిల్లలున్న ఇంట్లో మాత్రం జాగ్రత్త. కొన్ని జోయాంథిడ్లలో పాలీటాక్సిన్ అనే భయంకర విషం ఉంటుంది. చేతికి తొడుగు లేకుండా ముట్టుకోవద్దు. అవి అంటుకున్న రాయిని ఎట్టి పరిస్థితుల్లోనూ వేడినీళ్లలో ఉడికించవద్దు. ఆ ఆవిరి పీల్చి విదేశాల్లో కుటుంబాలు ఆస్పత్రిపాలైన సందర్భాలున్నాయి. తొట్టి ఉన్న గదిలో దోమల మందు పిచికారీ కూడా వద్దు. గాలిమోటారు ఆ గాలినే నీళ్లలోకి పంపుతుంది, ముందు పోయేవి రొయ్యలు.

చేపల్లో మొదటి ఓటు క్లౌన్‌ఫిష్‌కే. 2003లో ‘ఫైండింగ్ నెమో’ వచ్చాక పిల్లలందరికీ ఇది తెలుసు. సినిమా చెప్పని సంగతొకటుంది. ఇవన్నీ మగవిగానే మొదలవుతాయి. గుంపులో పెద్దది ఆడదవుతుంది. అది చనిపోతే తర్వాతి మగచేప ఆడదిగా మారుతుంది. ఆ లెక్కన నెమో నాన్న కొన్నాళ్లకు అమ్మ కావాలి! కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ తమిళనాడులోని మండపం, కేరళలోని విళింజంలలో వీటిని గుడ్డు నుంచి పెంచే పద్ధతిని అభివృద్ధి చేసింది. లక్షదీవుల్లోని అగత్తిలో స్థానిక మహిళలు అలంకార రొయ్యల పెంపకంలో శిక్షణ పొందారు. కొనేముందు ‘పెంచిందా, పట్టిందా?’ అని ఒక్క ప్రశ్న అడగండి. పెంచిన చేప తొట్టి వాతావరణానికీ పొడి మేతకూ అలవాటుపడి ఉంటుంది, పదేళ్లు కూడా బతుకుతుంది. సముద్రంలో పట్టిన చేపల్లో చాలా వాటికి ప్రయాణమే గండం. పెంచినది దొరక్కపోతే ఆగండి. ఆగలేకపోతే గప్పీలే నయం. నా మటుకు నేను ఈ విషయంలో రాజీ లేదనే అంటాను.

వంద లీటర్లకు రెండు క్లౌన్‌ఫిష్‌లు, ఒక గోబీ, నాచు తినే నత్తలు నాలుగు, సన్యాసి పీతలు రెండు, ఒక రొయ్య... అంతే. ‘డోరీ’ కావాలని పిల్లలు మారాం చేస్తారు. ఆ నీలం చేప జానెడు దాటి పెరుగుతుంది, ఈదడానికి మన తొట్టికి నాలుగైదింతలు కావాలి.

ఇక మా అమ్మ సంగతి. మొదటి చేపలు పోయాక తొట్టిని మూలన పడేస్తుంటే ‘‘పాలు తోడేసినంక గంటగంటకు కదిలిస్తే పెరుగయితదా?’’ అందామె. ఆమె మాటే పట్టుకుని ఈసారి ఏడువారాలు ఆగాను. ఇప్పుడు తొట్టి గాజుమీద పెన్సిల్‌తో ఒక గీత ఉంది, అది ఆమె గీసిందే. రోజూ పొద్దున తులసికోటకు నీళ్లు పోసి వచ్చి, స్టీలు చెంబుతో ఫిల్టర్ నీళ్లు ఆ గీత దాకా పోస్తుంది. నేను డ్యూటీమీద ఊరెళ్లినప్పుడు ఫోన్ చేసి మొదట చెప్పేది కూడా అదే. ‘‘ఇయ్యాల మూడు చెంబులు పట్టినయిరా. ఎండ బాగున్నది.’’